గుచ్చుకున్నది పీకకండి: గుండె గాయాలపై అపోహలు, వాస్తవాలు

"మేమే లాగేశాం సార్, ఇదిగో" అంటూ గుడ్డలో చుట్టిన కత్తిని చేతికిచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల మీద నాకు కోపం రాదు. మనవాడి ఛాతీలో ఇనుము దిగి కనిపిస్తుంటే ఎవరి చేతులు ఊరుకుంటాయి? పక్కన నిలబడి "తీసెయ్, లేకపోతే విషమెక్కుతుంది" అని సలహాలిచ్చేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

గుచ్చుకున్న వస్తువే చాలాసార్లు ఆ రంధ్రానికి బిరడా. పీకితే రక్తం ఛాతీలోకి చిమ్ముతుంది, లేదా గుండె చుట్టూ ఉండే పెరికార్డియం సంచిలో నిండుతుంది. ఆ సంచి గబుక్కున సాగదు. 100-200 మిల్లీలీటర్లు వేగంగా చేరినా గుండె నిండడానికి చోటుండక బీపీ పడిపోవచ్చు. అదే టాంపొనేడ్. అందుకే బయట రక్తం పెద్దగా కనిపించలేదని, మనిషి మాట్లాడుతున్నాడని ధైర్యపడొద్దు.

ఒకసారి స్క్రూడ్రైవర్ దిగిన కుర్రాణ్ని తెచ్చారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని పిడి ఊగుతోంది. ఆ కుర్రాడి అన్నయ్య దాన్ని ముట్టుకోకుండా, అటూ ఇటూ గుడ్డ చుట్టలు పెట్టి దారంతా కాపలా కాశాడు. "లాగకపోవడం తప్పా సార్?" అని వణికిపోతూ అడిగాడు. ఆ టెన్షన్‌లో కూడా అతను చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. రొమ్ము ఎముక కోసి చూస్తే గాయం కుడి జఠరికకు, అంటే గుండె కింది భాగంలోని కుడి గదికి. ముందు వైపు ఉండేది అదే కాబట్టి ఎక్కువగా దెబ్బ తినేదీ అదే. చుట్టూ కుట్లు ముందే వేసి పెట్టుకుని, అప్పుడు లాగాం. రంధ్రం మీద వేలు, వెంటనే ముడి.

"గుండెకు కుట్లేస్తారా?" అనేది ఇంకో ప్రశ్న. 1896లోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ సర్జన్ లుడ్విగ్ రెన్ వేశారు, రోగి బతికాడు. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషీన్ కూడా ప్రతి కేసులో అక్కర్లేదు.

లోపల మిగిలిన ప్రతి ముక్కనూ తీయాలనేదీ నిజం కాదు. గుండె కండలో కూరుకుపోయి, ఏ ఇబ్బందీ పెట్టని చిన్న తునకను కొన్నిసార్లు గమనిస్తూ వదిలేస్తాం. ఎడమ గదుల్లో కదులుతుంటే మాత్రం వదలం, మెదడుకు కొట్టుకుపోవచ్చు. ఇనుప తునక లోపలుంటే, బలమైన అయస్కాంతంతో స్కాన్ చేసే ఎంఆర్ఐ గదిలోకి వెళ్లే ముందే ఆ సంగతి చెప్పాలి.

డిశ్చార్జ్ రోజున "బాగానే ఉన్నాడుగా, మళ్లీ ఎకో ఎందుకు?" అంటారు. ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. గదుల మధ్య గోడకు పడిన చిల్లి, కవాటం చిరుగు ఆలస్యంగానూ బయటపడతాయి. ఎకో చేయించుకునే ఇంటికెళ్లండి.