పాత కంప్యూటర్ వేగం కూడా ఆటలో భాగమే

1993లో లూకాస్ ఆర్ట్స్ సంస్థ ‘స్టార్ వార్స్: ఎక్స్-వింగ్’ అనే ఆటను డాస్ (విండోస్‌కు ముందు వాడుకలో ఉన్న ఆపరేటింగ్ సిస్టం) కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. తిరుగుబాటుదారుల తరఫున చిన్న అంతరిక్ష యుద్ధనౌకలో కూర్చోవాలి. ఇంజిన్‌కి ఎంత శక్తి ఇవ్వాలి, లేజర్లకి ఎంత, రక్షణ కవచానికి ఎంత అని క్షణక్షణం లెక్క చూసుకుంటూ పోరాడాలి. మరుసటి ఏడాది అదే బృందం సామ్రాజ్యం వైపు నుంచి ఆడే ‘టై ఫైటర్’ తెచ్చింది. అంతరిక్ష పోరాటాల ఆటల్లో వీటిని మించినవి నాకు ఇప్పటికీ కనిపించలేదు. ఆ పాత ఫైలును ఇవాళ్టి విండోస్ 11 మీద డబుల్ క్లిక్ చేస్తే మాత్రం, ఈ యాప్ మీ పీసీలో నడవదని ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అంతే. ఆ కాలపు ఇంటెల్ 486 ప్రాసెసర్ మీద హాయిగా నడిచిన ఆట, దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పనిచేసే యంత్రం మీద ఎందుకు మొరాయిస్తుంది?

చాలామంది అలా అనుకుంటారు గానీ, ప్రాసెసర్ పాత భాషను మర్చిపోలేదు. 1978 నాటి ఇంటెల్ 8086తో మొదలైన ఆదేశాలు నేటి పీసీ ప్రాసెసర్లలో ఇంకా ఉన్నాయి. స్విచ్ వేసిన తొలి క్షణంలో ఈ ప్రాసెసర్లు ఇప్పటికీ 16-బిట్ పద్ధతిలోనే మేలుకుంటాయి. ఆ తర్వాత 64-బిట్ పద్ధతిలోకి మారతాయి. ఒకసారి అలా మారాక, డాస్ ప్రోగ్రాములను పక్కన పెట్టుకుని నడపడానికి 386 ప్రాసెసర్ కాలంలో ఏర్పాటు చేసిన ప్రత్యేక దారి మూసుకుపోతుంది. అందుకే 64-బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపే భాగాన్ని పెట్టలేదు. ఉన్న ప్రాసెసర్ ఆ పని చేయనప్పుడు, చేసే ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే తయారు చేసుకోవాలి. ఎమ్యులేటర్ అంటే అదే. ఒక యంత్రం మరో యంత్రం పనిని అచ్చంగా చేసి చూపగలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే గణితపరంగా నిరూపించాడు. డాస్ ఆటల విషయంలో ఆ పనిని ఎక్కువగా చేసిపెడుతున్నది డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం. 2002 నుంచి అందుబాటులో ఉంది. 2014లో జీఓజీ అనే పోలండ్ ఆన్‌లైన్ షాపు ఎక్స్-వింగ్, టై ఫైటర్ ఆటలను మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు, వాటి డాస్ ప్రతుల లోపల దీన్నే అమర్చింది.

డాస్‌బాక్స్ ఆటలోని ఒక్కో ఆదేశాన్ని చదివి, దాని అర్థం తేల్చి, ఆ పని చేస్తుంది. కూడమంటే కూడుతుంది, ఫలానా చుక్కకు రంగు వేయమంటే వేస్తుంది. ఇంతవరకు పెద్ద చిక్కు లేదు. అసలు కష్టం కాలంతో వస్తుంది.

ఓరిజిన్ సంస్థ 1990లో తెచ్చిన ‘వింగ్ కమాండర్’ ఆటను చూడండి. సెకనుకు ఇన్ని బొమ్మలే చూపాలి అనే పరిమితి అందులో లేదు. యంత్రం ఎంత త్వరగా గీయగలిగితే అంత త్వరగా తర్వాతి బొమ్మకు వెళ్లిపోతుంది. అప్పటి 286, 386 యంత్రాల నిదానమే ఆ ఆటకు బ్రేకు. వేగవంతమైన 486 మీద పెడితేనే శత్రు నౌకలు కంటికి ఆనకుండా దూసుకుపోయేవి. నేటి ప్రాసెసర్ వేగాన్ని పూర్తిగా వదిలేస్తే ఆడటానికి అక్కడ ఏమీ మిగలదు.

టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషతో రాసిన ప్రోగ్రాముల గతి ఇంకా విచిత్రం. పీసీలో ఒక గడియారపు చిప్ సెకనుకు దాదాపు 18.2 సార్లు, అంటే 55 మిల్లీసెకన్లకు ఒకసారి టిక్కుమంటుంది. ఆ భాషతో వచ్చే ఒక లైబ్రరీ, ప్రోగ్రాం మొదలవగానే ఒక టిక్కులో ఒక ఖాళీ లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 55తో భాగించి, యంత్రం వేగాన్ని అంచనా వేసుకునేది. జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపు ఇమడాలి. దాదాపు 200 మెగాహెర్ట్జ్ పెంటియం యంత్రాలు వచ్చేసరికి జవాబు ఆ హద్దు దాటింది. ప్రాసెసర్ భాగహారం కుదరలేదని చేతులెత్తేసేది, ప్రోగ్రాం ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అంటూ ఆగిపోయేది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారింది యంత్రం వేగం ఒక్కటే.

అందుకే డాస్‌బాక్స్ రాసినవాళ్లు వేగాన్ని కావాలనే బిగించి పెట్టారు. సెట్టింగ్స్‌లో ‘సైకిల్స్’ అనే అంకె ఉంటుంది. ఒక మిల్లీసెకనులో ఎన్ని ఆదేశాలు నడపాలో అది చెబుతుంది. మామూలుగా 3000 ఉంటుంది, అంటే సెకనుకు 30 లక్షల ఆదేశాలు. కంట్రోల్ నొక్కిపట్టి ఎఫ్11 కొడితే తగ్గుతుంది, ఎఫ్12 కొడితే పెరుగుతుంది. ఈ అంకెను మెగాహెర్ట్జ్‌లోకి నేరుగా మార్చే సూత్రం కోసం వెతకడం వృథా. నిజమైన 486లో రెండు రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపల అంకెలు ఉంచుకునే చిన్న అరల) కూడికకు ఒక క్లాక్, అంటే ప్రాసెసర్ గడియారపు ఒక్క టిక్కు చాలు, 16-బిట్ భాగహారానికి 24 క్లాకులు పడతాయి. డాస్‌బాక్స్ మాత్రం ఈ రెంటినీ చెరొక ఆదేశంగానే లెక్కిస్తుంది. కాబట్టి సరైన వేగాన్ని చూపుతోనే పట్టుకోవాలి. నౌక మలుపు తిరిగేటప్పుడు చెయ్యి, కన్ను కలిసి నడుస్తున్నాయనిపించే చోట ఆగాలి. ఆ సర్దుబాటుకు ఓ పది నిమిషాలు ఇచ్చినా నష్టం లేదు, ఆట స్వభావం అంతా అక్కడే ఉంది.

ఎక్స్-వింగ్‌లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది జాయ్‌స్టిక్. పాత జాయ్‌స్టిక్‌ కంప్యూటర్‌కు అంకెలు పంపేది కాదు. పిడి కింద ప్రతి దిశకూ ఒక మార్చగల రెసిస్టర్ ఉండేది, సున్నా నుంచి లక్ష ఓమ్‌ల దాకా. జాయ్‌స్టిక్ తగిలించే పోర్టుకు (హెక్సాడెసిమల్‌లో దాని నంబరు 201) ఆట ఒక సంకేతం పంపగానే, ఆ పోర్టు ఉన్న కార్డు మీద చిన్న కెపాసిటర్ ఆ రెసిస్టర్ గుండా ఛార్జ్ కావడం మొదలవుతుంది. సన్నటి ధార కింద పెట్టిన చెంబు నిండటానికి ఎక్కువసేపు పట్టినట్టే, రెసిస్టెన్స్ ఎక్కువైతే కెపాసిటర్ నిండటం ఆలస్యం. స్టిక్ ఒక కొసన ఉంటే దాదాపు 24 మైక్రోసెకన్లు, రెండో కొసన ఉంటే 1100 మైక్రోసెకన్లకు పైగా. ఈలోపు ప్రాసెసర్ ఏం చేస్తుంది? నిండిందా, నిండిందా అని పోర్టును పదేపదే అడుగుతూ, ఎన్నిసార్లు అడిగానో లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్కే స్టిక్ ఎక్కడుందో చెప్పే కొలత.

అంటే చేతి కదలికను కొలిచే గడియారం ప్రాసెసరే! దాని వేగం మారితే, స్టిక్ కదలకపోయినా లెక్క మారుతుంది. అందుకే ఆ రోజుల్లో ఆట మొదట్లో స్టిక్‌ను మూలమూలలకూ తిప్పించి కొలతలు తీసుకునేవారు. ఇప్పటి యూఎస్‌బీ స్టిక్‌లో కెపాసిటర్ నిండటం కోసం ఎదురుచూసే పద్ధతి లేదు, అది స్థానాన్ని అంకెగా పంపుతుంది. డాస్‌బాక్స్ ఆ అంకెను వెనక్కి తిప్పి, లేని కెపాసిటర్ నిండటానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి ఆటకు చూపిస్తుంది. ఆ లెక్కకూ ఆట లెక్కకూ పొంతన కుదరకపోతే, మీరు చెయ్యి తీసేసినా నౌక నెమ్మదిగా పక్కకు జరిగిపోతూ ఉంటుంది. స్టిక్ పాడైందని చాలామంది కొత్తది కొంటారు. సెట్టింగ్స్ ఫైల్లో ‘టైమ్‌డ్’ అనే వరుస ఉంటుంది, ముందు దాన్ని మార్చి చూడండి. సైకిల్స్‌ను కూడా ఆటోమేటిక్‌గా వదలకుండా ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంచితే మంచిది.

స్క్రీన్ విషయం దీనంత లోతైనది కాదు. డాస్ ఆటలు ఎక్కువగా 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో 256 రంగుల్లో నడిచేవి. మొత్తం 64,000 చుక్కలు, చుక్కకో బైటు. అప్పటి ప్రాసెసర్ ఒకేసారి అందుకోగల మెమరీ ముక్క 65,536 బైట్లు కాబట్టి స్క్రీనంతా ఒక ముక్కలో సరిపోయేది. అయితే మానిటర్ ఆకారం 4:3. అందులో నిండాలంటే ప్రతి చుక్కా వెడల్పు కన్నా 1.2 రెట్లు పొడుగ్గా ఉండాలి. నేటి స్క్రీన్ల చుక్కలు చతురస్రాలు. ‘ఆస్పెక్ట్’ సెట్టింగ్ వేయకపోతే అప్పట్లో గుండ్రంగా కనిపించిన గ్రహం అడ్డంగా సాగిపోయి కనిపిస్తుంది.

సంగీతం దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్త ప్రతి అంటే మెరుగైన ప్రతి అనే నమ్మకం ఇక్కడ దెబ్బతింటుంది. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ లూకాస్ ఆర్ట్స్‌లో ఐమ్యూజ్ అనే వ్యవస్థను తయారు చేశారు. 1991లో ‘మంకీ ఐలాండ్ 2’లో మొదట వాడారు. పాట రికార్డింగ్‌గా కాక స్వరాల జాబితాగా ఉంటుంది కాబట్టి, ఆటలో జరిగేదాన్ని బట్టి అప్పటికప్పుడు మలుపు తిరగగలదు. ఎక్స్-వింగ్‌లో కొత్త యుద్ధనౌక వచ్చిందంటే రాడార్ చూడకముందే సంగీతం చెప్పేస్తుంది. 1998లో ఎక్స్-వింగ్, టై ఫైటర్ ఆటలను విండోస్ 95 కోసం మళ్లీ తెచ్చారు. బొమ్మలు నునుపెక్కాయి, కానీ ఐమ్యూజ్ బదులు సీడీలో రికార్డు చేసిన సంగీతం పెట్టారు. యుద్ధం ఎటు పోయినా పాట తన దారిన తాను పోతుంది. టై ఫైటర్ ఆడాలనుకునేవారికి నేను 1995 నాటి డాస్ సీడీ ప్రతినే చెబుతాను. అందులో 640×480 బొమ్మలూ ఉన్నాయి, ఐమ్యూజ్ కూడా ఉంది.

1990ల చివరి విండోస్ ఆటలకు మరో రకం తంటా. వాటికి ఎమ్యులేటర్ అక్కర్లేదు, కానీ అప్పటి గ్రాఫిక్స్ కార్డుల కోసం పెట్టిన పిలుపులను నేటి కార్డులకు అర్థమయ్యేలా మార్చే డీజీవూడూ లాంటి మధ్యవర్తి ప్రోగ్రాములు కావాలి. ఇంకో దారి ఆట ఇంజిన్‌ను మళ్లీ రాయడం. 1995 నాటి ‘డార్క్ ఫోర్సెస్’ కోసం అభిమానులు పాత యంత్రకోడ్‌ను విడదీసి చదివి, ‘ఫోర్స్ ఇంజిన్’ పేరుతో కొత్తగా రాశారు. 2022 చివర్లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఏళ్ల తరబడి పట్టే ఓపిక అది.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అభిమానుల ఓపిక ఒక్కటే అన్నిటినీ కాపాడలేదు. 2013 ఏప్రిల్‌లో డిస్నీ లూకాస్ ఆర్ట్స్ స్టూడియోను మూసేసిన రోజున, ‘జెడై అకాడమీ’ అనే స్టార్ వార్స్ ఆటను తయారు చేసిన రేవెన్ సంస్థ ఆ ఆట సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ఆ కోడ్‌తో మొదలైన ఓపెన్‌జేకే ప్రాజెక్టు పుణ్యమా అని ఆ ఆట ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా ఎమ్యులేటర్ లేకుండానే నడుస్తోంది. ఎక్స్-వింగ్, టై ఫైటర్ కోడ్ ఎవరి బీరువాలో ఉన్నా, అదీ ఇలాగే బయటికి రావాలి.