‘చేయండి’, ‘చేద్దాం’, ‘చేయాలి’

1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో గాంధీజీ ఇచ్చిన మంత్రాన్ని ఇంగ్లీషులో ‘డూ ఆర్ డై’ అంటారు. చెయ్యి, లేదా చావు. వినడానికి పచ్చి ఆజ్ఞ. హిందీలో అదే మంత్రం ‘కరేంగే యా మరేంగే’. ఇందులో ఆజ్ఞే లేదు. చేస్తాం, లేదా చస్తాం అనే ప్రతిజ్ఞ ఉంది. చెప్పే మనిషి కూడా ఆ క్రియలోనే ఉన్నాడు, చావుకు సైతం సిద్ధపడి.

మాటలతో మనం చేసే పనులను తత్వవేత్త జాన్ సెర్ల్ 1970లలో ఐదు రకాలుగా విడదీశాడు. ఎదుటివారి చేత పని చేయించే మాటలు ఒక రకం. ఆజ్ఞ, అభ్యర్థన, సలహా అన్నీ ఇందులోకే వస్తాయి. మాట ఇచ్చి తనను తాను కట్టేసుకోవడం మరో రకం. ‘కరేంగే’ రూపం రెండోది, చేసే పని మాత్రం మొదటిది.

నేరుగా ‘చేయండి’ అంటే పోయేదానికి ఈ డొంకతిరుగుడు దేనికి? తన స్వేచ్ఛకు గండి పడుతోందనిపిస్తే మనిషి మొండికేస్తాడని, వద్దన్న పనే మరింత ముద్దొస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. (పిల్లల్ని పెంచినవారికి ఈ సంగతి సిద్ధాంతం లేకుండానే తెలుసు.) దీనికి విరుగుడు కూడా మాటే. ఫ్రాన్స్‌లో పరిశోధకులు గెగెన్, పాస్కల్ చేసిన ప్రయోగంలో, దారిన పోయేవారిని బస్సు చార్జీకి చిల్లర అడుగుతూ ‘ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అని చేర్చినప్పుడు, ఇచ్చినవారు నాలుగు రెట్లకు పైగా పెరిగారు.

వక్తలు సూటిగా ఆదేశించరని కాదు. దేశం మీకేం చేస్తుందని అడగకండి, దేశానికి మీరేం చేయగలరో అడగండి అని అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961లో నిక్కచ్చిగానే అన్నాడు. అయితే ఆ మాట ప్రసంగం చివర్లో వచ్చింది. అంతకుముందంతా ‘మొదలుపెడదాం’ ధోరణి. ముందు జనంలో కలిసిపోయాడు, తరువాతే వేలు చూపాడు.

ఇంగ్లీషు ‘వుయ్’లో వినేవారు ఉన్నారో లేదో తేలదు. తెలుగులో ఆ దాగుడుమూతలు కుదరవు. ‘మేము’ అంటే వేదిక, ‘మనం’ అంటే మైదానం కూడా. అయినా తప్పించుకునే దారి తెలుగులోనూ ఉంది: ‘చేయాలి’. కర్త లేకుండానే నడిచిపోయే క్రియ ఇది. ‘అవినీతిని అరికట్టాలి’ అనగానే చప్పట్లు మోగుతాయి. ఎవరు అరికట్టాలి? చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కరూ పక్కవారని అనుకోవచ్చు. మైకు ముందున్న మనిషికీ ఆ వెసులుబాటు ఉంది.