హయాక్ సొరంగానికి అవతల ఒక పెట్టె

సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుగా గంట వెళితే స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమ వస్తుంది. అక్కడ హయాక్ అనే చోట కారు ఆపి, ఎండాకాలంలో కూడా స్వెట్టర్లు వేసుకుని, టార్చిలైట్లతో జనం ఒక పాత రైలు సొరంగంలోకి నడుస్తుంటారు. దాని పొడవు 11,890 అడుగులు, అంటే మూడున్నర కిలోమీటర్ల పైమాటే. రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో ఉండే తెలుగు కుటుంబాలకు అందుబాటులో ఉన్న వారాంతపు షికారు ఇది. పిల్లలు కేకలు వేసి ప్రతిధ్వని వింటారు. పెద్దవాళ్లు అవతలి చివర సూదిబెజ్జమంత వెలుగు చూసి ఇంకెంత దూరమని అడుగుతారు.

నడిచేవాళ్లలో కొందరికి మాత్రం సొరంగంతో పెద్దగా పనిలేదు. పడమటి ముఖం దాటాక అడవిలో దాచి ఉన్న ఒక పెట్టె కోసం వాళ్లు వస్తారు. విమానాలెక్కి వేరే దేశాల నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. జీపీఎస్ పట్టుకుని దాచిన పెట్టెలను వెతికే ఈ ఆట పేరు జియోక్యాషింగ్. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, దాచిపెట్టిన సరుకు. ఆట వయసు పాతికేళ్లు, దారి వయసు నూరేళ్ల పైన. ఆ దారి ముక్కలు కాకుండా ఎలా మిగిలిందో తెలియకపోతే పెట్టె కథ సగమే తెలిసినట్టు.

పసిఫిక్ తీరం దాకా లైను వేయాలని మిల్వాకీ రోడ్ అనే రైలు కంపెనీ 1905లో నిర్ణయించింది. అప్పటికే ఆ తీరానికి నార్తర్న్ పసిఫిక్, గ్రేట్ నార్తర్న్ రైళ్లు నడుస్తున్నాయి. నార్తర్న్ పసిఫిక్‌కు ప్రభుత్వం భూములు దానంగా ఇచ్చింది. ఆలస్యంగా వచ్చిన మిల్వాకీ మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. 6 కోట్ల డాలర్లలో అయిపోతుందనుకున్న పనికి మూడింతలకు పైనే ఖర్చయింది. 1909లో లైను పూర్తయింది కానీ, కాస్కేడ్ కొండల దగ్గర రైళ్లు మంచులో కనుమ ఎక్కి దిగాల్సి వచ్చేది. అందుకే ఈ సొరంగం. 1912లో తవ్వడం మొదలుపెట్టి, 1915 జనవరిలో రైళ్లు నడిపారు. అంతకు అయిదు నెలల ముందే పనామా కాలువ తెరుచుకుంది. రైలెక్కాల్సిన సరుకులో కొంత ఓడ ఎక్కేసింది. కాలం కలిసిరాకపోవడమంటే ఇదే.

ఆ కంపెనీ తెలివితక్కువదేమీ కాదు. మాంటనా, ఐడహో కొండల్లోనూ, కాస్కేడ్స్‌లోనూ కలిపి 1,000 కిలోమీటర్లకు పైగా లైను మీద రైళ్లను కరెంటుతో నడిపింది. అప్పట్లో అది ప్రపంచం మాట్లాడుకున్న పని. ఆ రెండు భాగాల మధ్య 300 కిలోమీటర్లకు పైగా ఖాళీని మాత్రం చివరిదాకా పూడ్చలేకపోయింది. 1970ల మొదట్లో రాగి ధర బాగుందని తీగలు దింపి అమ్మేయాలనుకుంది. 1974లో చివరి కరెంటు ఇంజను ఆగేనాటికి చమురు సంక్షోభం వచ్చి డీజిల్ ధర మండిపోతోంది. 1977లో మూడోసారి దివాలా తీసింది. 1980 మార్చిలో పడమటి లైను మొత్తం మూతపడింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. చచ్చిపోయిన లైను ఎవరిది? 1916 నాటికి అమెరికాలో 2,54,000 మైళ్ల రైలు మార్గం ఉండేది. తర్వాత అది తగ్గుతూనే వచ్చింది. లైను మూసేస్తే పక్క రైతు తన పొలంలో కలుపుకుంటాడు, ఊరు రోడ్డు వేసుకుంటుంది. ఒకసారి ముక్కలైన దారిని మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. అందుకే ఎప్పుడైనా మళ్లీ రైలు అవసరం పడవచ్చు కాబట్టి, అప్పటిదాకా నడక దారిగా ఉంచుకోవచ్చని 1983లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, 1990లో చట్టమే నిలిచింది. మిల్వాకీ లైను మూతపడింది ఈ చట్టానికి ముందే. కాబట్టి వాషింగ్టన్ రాష్ట్రం 1980ల మొదట్లో తన పరిధిలోని దారిలో చాలా భాగాన్ని కొనేసుకుంది. నా లెక్కలో ఈ కథలో అందరికన్నా ముందుచూపున్న పని అదే. నటుడు జాన్ వేన్ పేరు పెట్టిన ఆ దారిని 2018 నుంచి పలూస్ టు కాస్కేడ్స్ అంటున్నారు.

గొడవ అంతటితో తీరలేదు. తూర్పు వైపు పొలాల వాళ్లకు కలుపు మొక్కలు, అడ్డగోలుగా తిరిగేవాళ్లు పెద్ద తలనొప్పి. 2015 రాష్ట్ర బడ్జెట్‌లో దారిలోని పెద్ద భాగాన్ని మూసేయడానికి ఒక నిబంధన చేర్చారు. టైపింగ్ తప్పు వల్ల అది చెల్లలేదు. మూసేయాల్సిన భాగం కొలంబియా నది నుంచి కొలంబియా నది వరకు అని పడింది మరి! అదే నది మీద మిల్వాకీ వాళ్ల బెవర్లీ వంతెనను 2022లో నడిచేవాళ్లకు తెరిచారు.

ఇక ఆట సంగతి. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా సైన్యం కావాలని కలిపే తప్పును 2000 మే 2న తీసేశారు. అంతవరకు వంద మీటర్ల దాకా తేడా చూపిన పరికరం ఒక్క రాత్రిలో సూటిగా చూపించడం మొదలుపెట్టింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ అడవిలో ఒక బకెట్ పెట్టి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెల్లో చెప్పాడు. అందులో పెట్టిన వస్తువుల్లో చిక్కుడు గింజల డబ్బా కూడా ఒకటి. దొరికినవాళ్లు ఒకటి తీసుకుని ఒకటి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి. మొదట దీన్ని స్టాష్ అనేవాళ్లు. ఆ మాటకు మత్తుమందుల వాసన ఉందని క్యాష్‌గా మార్చారు.

2001లో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమా ప్రచారానికి రకరకాల చోట్ల ఇలాంటి ప్రత్యేక పెట్టెలు దాచారు. తొమ్మిదోది ఈ సొరంగం అవతల పెట్టారు. మిగతావి ఒక్కొక్కటే పోయి చివరికి ఇదీ, బ్రెజిల్‌లో ఒకటీ మిగిలాయి. అందుకే ఈ యాత్రలు. నడుస్తున్న రైలు పట్టాల దగ్గర పెట్టెలు దాచడానికి ఆట నియమాలు ఒప్పుకోవు. రైలు చచ్చిపోబట్టే ఇక్కడ పెట్టె బతికింది.

పైకప్పు పెచ్చులు ఊడుతున్నాయని సొరంగాన్ని 2009లో మూసేశారు. బాగుచేసి 2011 జులైలో తెరిచారు. సరిగ్గా దానికి నెల ముందు, జూన్‌లో, పెట్టెను ఎవరో ఎత్తుకుపోయారు. ఏళ్ల తర్వాత అసలు పెట్టె దొరికింది. 2017లో మళ్లీ దాని చోటికి చేర్చారు.

చూడాలనుకుంటే మే 1 నుంచి అక్టోబరు ఆఖరు లోపు వెళ్లండి. ఆ తర్వాత సొరంగం తలుపులు మూసేస్తారు. హయాక్‌లో పార్కింగ్‌కు డిస్కవర్ పాస్ అనే రాష్ట్ర పార్కుల పర్మిట్ కావాలి. పెన్ను మరిచిపోవద్దు.