ఏజెంటు చెప్పే రెండో అంకె

బ్రిటన్‌లో పాడుబడ్డ ఇళ్లు కొని, బాగుచేసి, లాభం లెక్కేసుకునే టీవీ షోల మీద మళ్లీ గొడవ మొదలైంది. ఈసారి సాకు ఇంగ్లండ్ అద్దె చట్టం. కారణం చెప్పకుండా రెండు నెలల గడువుతో ఇల్లు ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసుకు 2026 మే 1తో కాలం చెల్లుతోంది. ఇక మావల్ల కాదు, ఇళ్లు అమ్మేస్తామని చిన్న యజమానులు అంటున్నారు. పొద్దున్న ఉద్యోగం, సాయంత్రం ఇళ్ల వ్యాపారం చేసే ఈ జనాన్ని తయారుచేసింది టీవీయేనని అద్దెదారుల తరఫువాళ్లు అంటున్నారు.

ఈ షోల పుట్టుపూర్వోత్తరాలు చాలాచోట్ల వచ్చాయి, వదిలేద్దాం. బీబీసీలో పొద్దుటిపూట 2003 నుంచి నడుస్తున్న 'హోమ్స్ అండర్ ద హ్యామర్' వరస మాత్రం గుర్తుచేసుకోవాలి. వేలంలో ఇల్లు పాడతారు. సుత్తి పడగానే 10 శాతం డిపాజిట్, మిగతాది సాధారణంగా 28 రోజుల్లో. లోపలికి వెళ్లి చూడకుండానే కొన్నామని నవ్వుతూ ఒప్పుకునేవాళ్లు చాలామంది. గోడలకు చెమ్మ, వంటగది లేదు, పైకప్పు కారుతుంటుంది. రిపేర్లయ్యాక ఎస్టేట్ ఏజెంట్లు వచ్చి రెండు అంకెలు చెబుతారు. అమ్మితే ఇంత, అద్దెకిస్తే నెలకింత. అందరి కళ్లూ మొదటి అంకె మీదే ఉంటాయి. కథంతా నడిపింది రెండోది.

1988 హౌసింగ్ చట్టానికి ముందు ఇల్లు అద్దెకిస్తే తిరిగి చేతికి రావడం కష్టమని అక్కడ అందరికీ తెలుసు. అలాంటి ఇంటి మీద అప్పివ్వడానికి బ్యాంకులూ జంకేవి. ఆ చట్టం సెక్షన్ 21ని తెచ్చింది. 1996లో చేసిన మార్పుతో, 1997 ఫిబ్రవరి 28 నుంచి, వేరే షరతు రాసుకోకపోతే కొత్త అద్దె ఒప్పందాలన్నీ మామూలుగా సెక్షన్ 21 వర్తించే పద్ధతిలోకే వచ్చేశాయి. ఆ 1996లోనే అద్దె ఏజెంట్ల సంఘం కొన్ని రుణ సంస్థలతో కలిసి 'బై టు లెట్' లోన్లు, అంటే అద్దెకివ్వడానికే ఇల్లు కొనే అప్పులు, మొదలుపెట్టింది. ఇక్కడ ముఖ్యంగా చూసేది జీతం కాదు, రాబోయే అద్దె. చాలావాటిలో నెలనెలా వడ్డీ కడితే చాలు, అసలు మొత్తం చివర్లో తీర్చొచ్చు. ఖాళీ చేయించడం తేలిక కాబట్టి అప్పు తేలిక. అదే ఏడాది బీబీసీలో 'చేంజింగ్ రూమ్స్' కూడా వచ్చింది. పక్కింటివాళ్లు 500 పౌండ్లతో ఒకరి గది ఒకరు అలంకరించుకునే సరదా అది, అందులో లాభం ఊసే లేదు.

లాభం ఊసు 2001లో చానల్ 4 'ప్రాపర్టీ ల్యాడర్'తో వచ్చింది. షో నడిపే సారా బీనీ ప్రతి వారం దాదాపు ఒకటే చెప్పేది: మీ ముచ్చట కోసం కాదు, కొనేవాడి కోసం కట్టండి, బడ్జెట్ దాటకండి. వాళ్లు తలూపి, ఖరీదైన బాత్‌రూమ్ సామానే తెచ్చేవాళ్లు. అయినా చివరికి చాలామందికి లాభం కనిపించేది. వీధి మొత్తానికీ ధర పెరుగుతుంటే మేస్త్రీ పనితనం ఎవడికి కావాలి? అమ్ముడుపోకపోయినా టెన్షన్ లేదు, అద్దెకిచ్చేయొచ్చు. 1998 చివర్లో 30 వేలలోపు ఉన్న బై టు లెట్ లోన్లు 2007 చివరికి 10 లక్షలు దాటాయి. ఇంత అప్పు వంటగది టైల్స్ చూసి పుట్టదు.

2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం క్యూ కట్టారు. మరుసటి ఏడాది, ఈ లోన్లలో మునిగిన బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీ బ్యాంకును ప్రభుత్వం తీసుకుంది. 2009లో సారా బీనీ షో పేరు 'ప్రాపర్టీ స్నేక్స్ అండ్ ల్యాడర్స్' అయింది. మన వైకుంఠపాళిలో పాము నోట పడితే కిందికి జారాల్సిందే. ఇక్కడ చాలామంది యజమానులు జారలేదు. 2007 జులైలో 5.75 శాతం ఉన్న, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నిర్ణయించే వడ్డీ రేటు 2009 మార్చికి 0.5కి దిగింది. దానితోపాటు మారే వడ్డీ మీద అప్పు తెచ్చినవాళ్లకు వాయిదా తేలికైపోయింది. అద్దె మాత్రం అద్దెలాగే వచ్చింది.

తమకు తర్వాత దెబ్బ మీద దెబ్బ అని యజమానుల వాదన. రెండో ఇంటి మీద అదనపు స్టాంపు డ్యూటీ 2016లో 3 శాతం, 2024 అక్టోబరు నుంచి 5. వడ్డీ మీద పన్ను రాయితీ 2017 నుంచి 2020లోపు కత్తిరించారు. వంటగది లేని ఇంటికి మామూలు లోన్ దొరకడం కష్టం, మేం కొనకపోతే ఎవరు కొంటారన్న ప్రశ్నలోనూ నిజముంది.

కానీ సెక్షన్ 21 తీసేస్తామని అప్పటి ప్రధాని థెరిసా మే ప్రభుత్వం 2019 ఏప్రిల్‌లోనే మాటిచ్చింది. చట్టం కావడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. అన్నేళ్లూ నోటీసులు వెళ్తూనే ఉన్నాయి. పిల్లల బడి మధ్యలో ఇల్లు మారినవాళ్ల కథలతో పొద్దుటిపూట షో ఎవరూ తీయలేదు. లండన్ చుట్టుపక్కల అద్దెకుండే మన తెలుగువాళ్లనడిగినా చెబుతారు, రెండు నెలల్లో అక్కడ ఇల్లు వెతకడం ఎంత పనో.

కొత్త చట్టంలో యజమాని అమ్ముకోవచ్చు. అద్దె మొదలైన తొలి ఏడాదిలో మాత్రం అమ్మకం పేరు చెప్పి ఖాళీ చేయించకూడదు. తర్వాత నాలుగు నెలల నోటీసివ్వాలి. అలా ఖాళీ చేయించాక, కొనేవాడు దొరకలేదని మళ్లీ అద్దెకిద్దామంటే కుదరదు, 12 నెలలు ఆగాలి. ఆ 12 నెలలూ ఏజెంటు చెప్పిన రెండో అంకె సున్నా.