తూము ఒకచోట, మడవ ఒకచోట

"తమ్ముడికి ఇరవై ఏండ్లు. మూడు నెలల సంది ఎవరో తన మాటలు చాటుగ వింటున్నరంటడు, ఒక్కడే కూసొని జవాబులు చెప్తడు. నల్లగొండల మెదడు ఎమ్మారై తీయించినం. అంత నార్మలని రాసిండ్రు. అంటే జబ్బు లేనట్టేనా?" దేవరకొండ వైపు నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది.

లేనట్టు కాదు. ఆ స్కాన్ తీయించేది స్కిజోఫ్రీనియాను (లేని మాటలు వినపడే, లేని అనుమానాలు పాతుకుపోయే మానసిక జబ్బును) పట్టుకోవడానికి కాదు, వేరేవాటిని పక్కన పెట్టడానికి. మెదడులో గడ్డ, మెదడువాపు, బద్దెపురుగు తిత్తులు ఉన్నా ఇలాంటి లక్షణాలు రావచ్చు. థైరాయిడ్, బీ12, హెచ్ఐవీ పరీక్షలు రాసేదీ అందుకే. మన దిక్కు ఇంకొకటి కూడా అడగాలి: కల్లు. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డ మనిషికి అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్, వణుకు, లేనివి కనపడటం, వినపడటం మొదలవుతాయి. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు వచ్చినవాళ్ల సంగతి ఇదే. దీని వైద్యం వేరు. డాక్టరు అడగకపోయినా, ఆఖరుసారి కల్లు తాగింది ఎప్పుడో మీరే చెప్పండి.

మరి స్కిజోఫ్రీనియాలో మెదడు మారదా? మారుతుంది. 1976లో లండన్ శివార్లలోని నార్త్‌విక్ పార్క్‌లో 17 మంది దీర్ఘకాల రోగులకు సీటీ తీసి చూస్తే, వెంట్రికిల్స్ అనే నీటిగదులు మామూలువాళ్లకంటే పెద్దగా కనిపించాయి. 2016లో ఎనిగ్మా అనే పరిశోధకుల బృందం 2,028 మంది రోగులను, 2,540 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోక్యాంపస్ రోగుల్లో సగటున చిన్నది, తేడా 0.46 ప్రామాణిక విచలనాలు (మనిషికీ మనిషికీ మధ్య మామూలుగా ఉండే తేడాతో పోల్చే కొలత). సగటు అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుణ్ణి ఎలా పడితే అలా ఎంచి జోడీ కట్టండి. ఇట్లాంటి నూరు జోడీల్లో రోగి హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉండేది దాదాపు 63 జోడీల్లోనే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి. రెండు గుంపుల కొలతలు నూటికి 80కి పైగా ఒకదానిమీద ఒకటి పడతాయి. రేడియాలజిస్టు "నార్మల్" అని రాయక ఇంకేం రాస్తాడు?

ఆకారం చూస్తే ఇంతే తెలుస్తుంది. అసలు కథ పారకంలో ఉంది. దానికి చెరువును మించిన పోలిక నాకు దొరకలేదు.

మెదడు లోతున స్ట్రయేటమ్ అనే ప్రాంతం ఉంది. డోపమిన్ నాడుల కొసలు అక్కడికొచ్చి ఆగుతాయి. ఒక్కో కొస ఒక చెరువు. లోపల డోపమిన్ తయారై నిలవ ఉంటుంది. తూము తెరిస్తే బయటికొస్తుంది. అవతలి కణం మీద డీ2 గ్రాహకాలు పొలంగట్టుకు కొట్టిన మడవలు. నీళ్లు అక్కడినుంచే మడిలోకి పోతాయి. డోపమిన్ అంటే ఆనంద రసాయనమని పిల్లలకు నూరిపోస్తున్నాం, ఆ పాఠం మార్చాలి. అది "ఇది ముఖ్యం, దీన్ని పట్టించుకో" అని చెప్పే రసాయనం. అక్కర్లేని చోట తడి పడితే అక్కర్లేనిది మొలుస్తుంది. బస్సులో ఎవడో దగ్గినా అది తనకే సైగ అనిపిస్తుంది.

మరి నీళ్లు ఎక్కువైతే తప్పు ఎక్కడ? చెరువులోకి వచ్చే వరద ఎక్కువా, తూము పెద్దగా తెరిచారా, మడవలు ఎక్కువ కొట్టారా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో స్కాన్ ఉంది.

వరదను, అంటే డోపమిన్ తయారీని, కొలిచేది ఎఫ్-డోపా పెట్ స్కాన్ (రేడియోధార్మిక సరుకు ఎక్కించి, అది ఎక్కడ చేరిందో చూసే స్కాన్). డోపమిన్‌కు ముడిసరుకైన డోపాకు ఫ్లోరిన్-18 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఫ్లోరిన్ అంటే నల్లగొండ మనిషి ఉలిక్కిపడతాడు, పడాలి కూడా. కానీ బోరునీళ్లలో ఉండి పళ్లను గారపట్టించి, ఎముకలను వంచేది స్థిరమైన ఫ్లోరిన్-19. ఇది ఒక న్యూట్రాన్ తక్కువైన తమ్ముడు, మోతాదు ఎముకల జోలికి పోలేనంత కొంచెం. దీనికి ఆయుష్షూ తక్కువే: 110 నిమిషాలకు సగమైపోతుంది. పొద్దున దించిన నీరా ఎండెక్కేలోపు తాగాల్సిందే కదా, ఇదీ అంతే. హైదరాబాద్‌లో తయారుచేసి నల్లగొండకు తెస్తే, బండి దిగేసరికి సగమే మిగులుతుంది. 20 నిమిషాలకే సగమయ్యే కార్బన్-11 అయితే నగరం పొలిమేర దాటదు.

సూది వేసే గంట ముందు 150 మిల్లీగ్రాముల కార్బిడోపా, 400 మిల్లీగ్రాముల ఎంటకాపోన్ మింగిస్తారు. మొదటిది లేకపోతే డోపా దారిలోనే, అంటే పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో డోపమిన్‌గా మారిపోయి మెదడుకు చేరేది తగ్గుతుంది. రెండోది లేకపోతే ఇంకా చిక్కు: డోపాకు మిథైల్ గుంపు తగులుకుంటుంది, ఆ సరుకు మెదడులోకి దూరి అంతటా మసకగా పరుచుకుంటుంది, చెరువు ఏదో పొలం ఏదో తేలదు. ఆ తర్వాత 95 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. తమ మీద నిఘా ఉందని నమ్మే మనిషిని మిషన్‌లో గంటన్నర పడుకోబెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. తల కొన్ని మిల్లీమీటర్లు జరిగినా చిన్నమెదడుతో పోల్చి వేసే లెక్క చెడుతుంది. స్ట్రయేటమ్‌లో డోపా పట్టుబడే వేగం మామూలుగా నిమిషానికి 0.013 దరిదాపుల్లో ఉంటుంది. సైకోసిస్ (లేనివి వినపడటం, లేనివి నమ్మడం) ఉన్నవాళ్లలో సగటున ఎక్కువ. వరద, తూము పరిశోధనలన్నిటినీ కలిపి 2012లో లెక్కగడితే ఆరోగ్యవంతులతో తేడా 0.79 ప్రామాణిక విచలనాలని తేలింది. మన జోడీల లెక్కలో నూటికి 71. హిప్పోక్యాంపస్ కంటే నయం, అయినా ఒక మనిషికి తీర్పు చెప్పడానికి చాలదు. ఆ ఎక్కువ కూడా భావోద్వేగాల మూలలో ఉంటుందనుకుంటే, ఆలోచనకు చెందిన మూలలో గట్టిగా కనపడింది. జబ్బు పూర్తిగా బయటపడకముందే, తొలి లక్షణాలు మాత్రమే ఉన్న యువకుల్లోనూ కనపడింది.

తూము సంగతి 1996లో తేల్చారు. మడవల్లో ముందే గుర్తు రాళ్లు పెట్టినట్టు గ్రాహకాల మీద రేడియో అయోడిన్ మందు కూర్చోబెట్టి, డోపమిన్‌ను బయటికి తోసే ఆంఫెటమిన్ అనే మందుతో తూము తెరిచారు. నీళ్లు ఉరికొస్తే రాళ్లు కొట్టుకుపోతాయి. ఆరోగ్యవంతుల్లో 7.6 శాతం పోతే రోగుల్లో 19.5 శాతం పోయాయి. మూడో ప్రశ్న మడవలది. మందులు వాడని రోగుల్లో వాటి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే తప్పు ఎగువన ఉంది. మరి మన మందులు? దాదాపు అన్నీ దిగువన, మడవకు అడ్డం పడతాయి. 2000లో వచ్చిన పరిశోధనలో మొదటిసారి జబ్బుపడ్డ 22 మందికి రోజుకు 1 లేదా 2.5 మిల్లీగ్రాముల హాలోపెరిడాల్ ఇచ్చి పెట్ తీశారు. 65 శాతం మడవలు మూసుకుంటే గుణం కనపడింది. 72 దాటితే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగింది, 78 దాటితే ఒళ్లు బిగుసుకోవడం, వణుకు. సందు అంత ఇరుకు. అరిపిప్రజోల్ లెక్క వేరు, అది మడవను సగం తెరిచి పెట్టే రకం. మందు బాగా పనిచేసిందని మూడో నెలలో ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు. చెరువు నిండే ఉంది, తూము తెరిచే ఉంది, అడ్డం మాత్రం తీసేశాం. మొదటిసారి తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు వాడమనేది ఇందుకే.

సుమారు మూడోవంతు మందికి ఈ అడ్డం వేసినా గుణం రాదు. వాళ్లకు ఎఫ్-డోపా తీస్తే చెరువులో వరద మామూలుగానే ఉంది. పొలం మునిగింది చెరువు నీళ్లతో కాదు, ఎవరో వేసిన బోరుతో. మెదడులోని గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం ఆ బోరు కావచ్చన్న అనుమానం బలంగా ఉంది. రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడినా తగ్గకపోతే క్లోజపిన్‌కు మారుస్తారు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు. క్లోజపిన్‌ను ఆలస్యం చేయడమే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటని నా అభిప్రాయం.

అంతకుముందే జరిగే ఆలస్యం ఇంకొకటి. గాలి సోకింది, బాణామతి చేసిండ్రు అని ముందు మంత్రగాడి దగ్గరికి పోవడం. మొక్కు తీర్చుకుంటే తీర్చుకోండి, మందు ఆపి మాత్రం వద్దు. సైకోసిస్ మొదలై వైద్యం లేకుండా గడిచిన నెలలు పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

అక్కా, ఆ "నార్మల్" ఫిల్మును, సీడీని మాత్రం పారేయకండి. మకాక్ కోతులకు 17 నుంచి 27 నెలలు హాలోపెరిడాల్ గానీ ఒలాంజపిన్ గానీ ఇస్తే వాటి మెదడు 8 నుంచి 11 శాతం తక్కువ తూగింది. మనిషిలో జబ్బు వల్ల తగ్గేదెంత, మందు వల్ల తగ్గేదెంత అన్నది ఇప్పటికీ ముడిపడే ఉంది. ఐదేళ్ల తర్వాత ఏదో కారణంతో మళ్లీ ఎమ్మారై తీయాల్సి వస్తే, పోల్చుకోవడానికి మందు మొదలుపెట్టకముందు తీసింది ఇదొక్కటే. కవరు మీద స్కాన్ తేదీ, మొదటి మాత్ర వేసిన తేదీ, మందు పేరు, మోతాదు రాసి పెట్టండి.