కరాటే నుంచి ఫైట్ మాస్టర్ దాకా: అపోహలు, వాస్తవాలు

కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్ నేర్చుకున్న కుర్రాళ్లు సినిమా ఫైట్లలో పని కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌కి వస్తూనే ఉంటారు. ఒంట్లో సత్తా ఉంటుంది, పనంటే భక్తి ఉంటుంది. ఈ పని గురించి వాళ్లు విని వచ్చే మాటల్లో మాత్రం సగం తప్పులే. నేనూ కరాటే నుంచే ఇటు వచ్చాను. తేడా ఎక్కడ తగులుతుందో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: బ్లాక్ బెల్ట్ ఉంటే చాలు, ఫైట్లు కంపోజ్ చేసేయొచ్చు.

వాస్తవం: డోజోలో, అంటే కరాటే నేర్పే చోట, మనకు నేర్పేది ఎదుటివాడు పసిగట్టకుండా కొట్టడం. భుజం ముందుగా కదలకూడదు, చెయ్యి ఎంత వేగంగా వెళ్లిందో అంతే వేగంగా నడుము దగ్గరికి తిరిగి రావాలి. కెమెరా ముందు ఆ గుణమే అడ్డం వస్తుంది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. బాగా సాధన చేసినవాడి పంచ్ సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతులో అయిపోతుంది. అంటే రెండు నుంచి ఐదు ఫ్రేములు. తెరమీద మసక తప్ప ఏమీ కనపడదు. సెట్లో చెయ్యి వెనక్కి తీసి, భుజం తిప్పి, దెబ్బ వస్తోందని చూసేవాళ్లకు తెలిసేలా విసరాలి. ఏళ్లతరబడి దాచడం నేర్చుకున్న ఒంటికి ఇది ఓ పట్టాన లొంగదు.

ఒక్క పంచ్‌నే తీసుకోండి. కెమెరా దెబ్బ తినేవాడి వెనకనుంచి, భుజం మీదుగా చూస్తుంటుంది. హీరో పిడికిలి అతని ముఖానికి జానెడు ఎడంగా పోతుంది. ఆ ఎడాన్ని అతని తలే కెమెరాకి అడ్డం నిలబడి దాచేస్తుంది. పిడికిలి దవడ గీత దాటే క్షణంలో తల తిరగాలి, దాని వెంట భుజం, ఆ తర్వాత నడుము. తల ముందే తిరిగితే బెదిరినట్టుంటుంది, ఆలస్యమైతే దెబ్బకి బరువుండదు. కెమెరా రెండడుగులు పక్కకి జరిగిందంటే ఎడం బయటపడి మళ్లీ టేకు. పంచ్‌ని నమ్మించేది రియాక్షన్ ఇచ్చే ఫైటరే. అతని పేరు థియేటర్లో ఎవరికీ తెలియదు. ఫైట్ చూసేటప్పుడు నా కళ్లు మాత్రం అతని మీదే ఉంటాయి.

అలాగని నేర్చుకున్న విద్య వృథా పోదు. దూరం కొలిచే కన్ను, అంగుళం ముందు చెయ్యి ఆపగల అదుపు కరాటే ఇస్తుంది. జూడో నేర్చినవాళ్లకి ఇంకా లాభం. తల లేవనెత్తి, చేతితో నేలను చరుస్తూ పడే పద్ధతి వాళ్లకి మొదటిరోజు నుంచే అలవాటవుతుంది. నా దగ్గరికొచ్చేవాళ్లని ముందు కిక్ చూపించమనను, పడి చూపించమంటాను.

అపోహ: గాల్లోకి లేపే తీగ, అదే రోప్, కట్టాక ప్రమాదం ఉండదు, మిగతాది గ్రాఫిక్స్ చూసుకుంటుంది.

వాస్తవం: గ్రాఫిక్స్ తీగని చెరిపేస్తుంది, మనిషి బరువుని చెరపలేదు. పైకి లేచినవాడు నిజంగానే గాల్లో ఉంటాడు, నిజంగానే కిందికి వస్తాడు. చాలా సెట్లలో కప్పీకి అవతలి కొసని ఇప్పటికీ మనుషులే లాగుతారు. లెక్కకి అందరూ ఒక్కసారే లాగాలి, ఒక్కసారే ఆపాలి. ఒంటికి బిగించే పట్టీల (హార్నెస్) బకిల్, హుక్ లాక్, రోప్ ఒరుసుకునే చోటు, క్రేన్ నిలబడ్డ నేల ఇవన్నీ కట్టినవాడు ఒకసారి, ఇంకొకడు మరోసారి చూడాలి. మనిషిని కట్టే ముందు అంతే బరువున్న ఇసుక బస్తాని లాగి చూడాలి. ఇది నాకు చాదస్తం అన్నా ఫర్వాలేదు.

1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' షూటింగ్‌లో బ్రాండన్ లీ చనిపోయాడు. బ్రూస్ లీ కొడుకు, 28 ఏళ్లవాడు. క్లోజప్ కోసం వాడిన డమ్మీ తూటా మొన తుపాకీ గొట్టంలో ఇరుక్కుపోయింది. తర్వాత అదే తుపాకీలో మొన లేని ఉత్తుత్తి తూటా పెట్టి పేల్చితే, ఇరుక్కున్న మొన బయటికొచ్చి తగిలింది. గొట్టంలోకి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. మనకి దగ్గర్లో, 2016 నవంబరులో బెంగళూరు శివారు తిప్పగొండనహళ్లి జలాశయంలో, హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు కన్నడ నటులు మునిగి చనిపోయారు. 2025 జులైలో తమిళనాడు నాగపట్నం జిల్లాలో కారు స్టంట్ చేస్తూ ఎంతో అనుభవం ఉన్న స్టంట్‌మ్యాన్ ప్రాణం పోయింది. కొత్తవాళ్లకే దెబ్బలు తగులుతాయన్న మాట కూడా అబద్ధమే.

వెలుతురు పోతోంది, హీరో డేట్స్ ఈరోజుతో సరి, నిర్మాత పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు కూడా 'ఈ షాట్ ఇప్పుడు చేయం' అని మాస్టర్ అనగలగాలి. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. అది అనలేని మాస్టర్ ఎంత గొప్ప ఫైట్ తీసినా నాకు గౌరవం లేదు.

అపోహ: డూప్‌ని పెట్టుకోవడం హీరోకి నామోషీ.

వాస్తవం: హీరో కాలు విరిగితే కొన్నాళ్లపాటు యూనిట్ మొత్తానికి పని ఉండదు. లైట్‌మ్యాన్ బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు) కూడా ఆగిపోతుంది. డూప్ ఉండేది అందుకే. 'డూప్ లేకుండా చేశాడు' అని మెచ్చుకునేవాళ్లు, డూప్‌గా చేసినవాడి ఒంటిని కూడా ఒకసారి తలచుకోవాలి.

అపోహ: మాస్టర్ సెట్‌కి వచ్చి అప్పటికప్పుడు కంపోజ్ చేసేస్తాడు.

వాస్తవం: చిన్న తోపులాటలు అలా జరిగిపోతాయి. పెద్ద ఫైటైతే ముందే జిమ్‌లో ఫైటర్లతో చేయించి, ఫోన్లో షూట్ చేసి, ఎడిట్ చేసి డైరెక్టర్‌కి, కెమెరామెన్‌కి చూపిస్తాం. 'ది మ్యాట్రిక్స్' (1999) కోసం హాంకాంగ్ మాస్టర్ యువెన్ వూపింగ్ షూటింగ్‌కి ముందే నటులకు నెలల తరబడి శిక్షణ ఇచ్చాడు. తెరమీద ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

అపోహ: ఆడవాళ్లకి ఈ పని కుదరదు.

వాస్తవం: వాళ్లది మనకన్నా కష్టమైన పని. ఫ్యాంటు కింద మోకాలి ప్యాడ్ దాచుకోవచ్చు, స్లీవ్‌లెస్ డ్రెస్‌లో మోచేతి ప్యాడ్ ఎక్కడ దాస్తారు? హీరోయిన్‌కి డూప్‌గా మగవాడికి విగ్గు పెట్టే అలవాటు ఇకనైనా పోవాలి. జిమ్నాస్టిక్స్, కర్రసాము, కరాటే వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. పిలిచేవాళ్లే తక్కువ.

అపోహ: ఫైట్ మాస్టర్‌కి గుర్తింపు ఉండదు.

వాస్తవం: చాలాకాలం ఉండేది కాదు. 2016 సినిమాల నుంచి జాతీయ అవార్డుల్లో ఫైట్లకి విడిగా అవార్డు ఇస్తున్నారు. మొదటిది 'పులిమురుగన్'కి పీటర్ హెయిన్ అందుకున్నాడు. తెలుగు సినిమాల్లో 'బాహుబలి 2'కి అబ్బాస్ అలీ మొఘల్, 'ఆర్ఆర్ఆర్'కి కింగ్ సాలమన్, 'హనుమాన్'కి నందు, పృథ్వి తీసుకున్నారు. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి ఆస్కార్‌లోనూ స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తామని ఆ అకాడమీ ప్రకటించింది.

అపోహ: మోకాళ్లు అరిగితే కెరీర్ అయిపోయినట్టే.

వాస్తవం: ఫైటర్‌గా కెరీర్ ముగిసిపోవచ్చు, కానీ అక్కడితో ఆగనక్కర్లేదు. చాడ్ స్టాహెల్స్కీని చూడండి. లాస్ ఏంజెలెస్‌లో డాన్ ఇనొసాంటో మార్షల్ ఆర్ట్స్ అకాడమీలో తయారైన మనిషి. బ్రాండన్ లీ పోయాక మిగిలిపోయిన 'ది క్రో' సీన్లలో అతనికి డూప్‌గా నిలబడ్డాడు. 'ది మ్యాట్రిక్స్'లో కియాను రీవ్స్‌కి డూప్. తర్వాత డేవిడ్ లీచ్‌తో కలిసి సొంత స్టంట్ కంపెనీ పెట్టి, 2014లో 'జాన్ విక్'తో నలభై దాటిన వయసులో డైరెక్టర్ అయ్యాడు. యువెన్ వూపింగ్ పుట్టింది 1945లో. 'ది మ్యాట్రిక్స్' వచ్చేనాటికి యాభై దాటాయి.

మన దగ్గర దారి ఇంచుమించు ఇదే: యూనియన్ కార్డు, ఫైటర్, అసిస్టెంట్, మాస్టర్. ఈ మెట్లెక్కేటప్పుడు కిక్ ఎత్తు ఒక్కటే పెంచుకుంటూ పోతే అసిస్టెంట్ దగ్గరే ఆగిపోతారు. ఏ లెన్స్‌లో పిడికిలికీ ముఖానికీ మధ్య ఎడం ఎంత కనిపిస్తుందో కెమెరామెన్ పక్కన నిలబడి అడగండి. షాట్ ఎక్కడ కట్ అవుతుందో ఎడిటింగ్ రూమ్‌లో కూర్చుని చూడండి. ప్రథమ చికిత్స నేర్చుకోండి. సీపీఆర్, అంటే గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కి ఊపిరి అందించడం, వచ్చినవాడు ప్రతి ఫైటర్ల బ్యాచ్‌లోనూ కనీసం ఒక్కడుండాలి. చాలా బ్యాచ్‌లలో ఇప్పటికీ లేడు.