గాలి వీస్తే కడలి అడుగున హోరెందుకు?

రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల ఆచూకీని చప్పుడును బట్టి పసిగట్టాలని చూసిన నౌకాదళాలకు శత్రువు కన్నా ముందు సముద్రమే అడ్డు తగిలింది. గాలి ముదిరిన రోజున హైడ్రోఫోన్లలో (నీటి అడుగున చప్పుళ్లు వినే మైకుల్లో) వినిపించే హోరులో దూరపు ప్రొపెల్లర్ చప్పుడు కలిసిపోయేది. ఆ హోరుపై యుద్ధకాలంలో సేకరించిన కొలతలను అమెరికా భౌతిక శాస్త్రవేత్త వెర్న్ నుడ్సెన్ తన సహచరులు ఆల్ఫర్డ్, ఎమ్లింగ్‌లతో కలిసి 1948లో ప్రచురించారు. సముద్రం అల్లకల్లోలమయ్యే కొద్దీ చప్పుడు పెరుగుతుందని, పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య; కొలమానం హెర్ట్జ్) రెట్టింపైన ప్రతిసారీ సుమారు 5 డెసిబెళ్ల (చప్పుడు స్థాయికి కొలమానం) చొప్పున తగ్గుతుందని చూపిన ఆ రేఖలను సోనార్ (ధ్వనితో నీటి అడుగున వస్తువులను కనిపెట్టే పద్ధతి) నిపుణులు నేటికీ నుడ్సెన్ పేరుతోనే పిలుస్తారు.

అయితే వాటికి ఆధారం 'సముద్ర స్థితి', అంటే నావికుడు అలలను కంటితో చూసి అంచనా కట్టే అంకె. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కడో తుఫాను పుట్టించిన పొడవాటి అలలు గాలి లేని చోట కూడా ఎత్తుగా లేస్తాయి గానీ, విరిగి నురగ కక్కవు కనుక అంతగా మోత చేయవు. అమెరికా నౌకాదళ పరిశోధకుడు గోర్డన్ వెంజ్ 1962లో 1 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా సముద్ర ధ్వనులన్నిటినీ ఒకే పటంలోకి తెచ్చి, పదుల, వందల హెర్ట్జ్‌లలో దూరపు ఓడల రొదను, సుమారు 500 హెర్ట్జ్ పైన గాలి మోతను వేరుచేసి చూపారు. అలల ఎత్తు కన్నా గాలి వేగమే నమ్మదగిన కొలమానమని తర్వాతి పరిశీలనలు బలపరిచాయి.

కారణం బుడగల్లో దొరికింది. నీటిలోని గాలిబుడగ తన పరిమాణాన్ని బట్టి ఒక స్వరంలో మోగుతుందని, నిజానికి సూర్యుణ్ని పరిశోధించే ఖగోళ శాస్త్రవేత్త అయిన మార్సెల్ మినార్ట్ 1933లోనే లెక్కగట్టారు. ఉపరితలం దగ్గర 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న బుడగ సుమారు 3.3 కిలోహెర్ట్జ్ వద్ద మోగుతుంది. అల విరిగినప్పుడు నీటిలో చిక్కుకుని అప్పుడే పుట్టిన బుడగలే ఆ హోరుకు ప్రధాన మూలమని 1980లలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. విచిత్రమేమిటంటే, పెనుగాలుల్లో ఆ బుడగల పొరే పై పౌనఃపున్యాల ధ్వనిని మింగేస్తుంది కనుక, గాలి పెరిగినా అక్కడ చప్పుడు తగ్గవచ్చని సముద్ర శాస్త్రవేత్తలు ఫార్మర్, లెమన్ 1984లో చూపారు.

ఒకప్పుడు అడ్డంకిగా తోచిన ఈ హోరు 1970ల చివరికి గాలి వేగాన్ని నీటి అడుగు నుంచే అంచనా వేసే సాధనమైంది. ఉష్ణమండలపు లోతు తక్కువ తీరాల్లో మాత్రం కొండి విదిలించి టపటపలాడించే రొయ్యల మోత కూడా అదే శ్రేణిలో కలుస్తుంది కాబట్టి, పసిఫిక్‌లో గీసిన రేఖలను మన తీరానికి ఉన్నవున్నట్టు వర్తింపజేయడం కుదరదు.

ఓడల రొద పెరిగిందా అన్న ప్రశ్నకూ, గాలి మోతను ఓడల రొద నుంచి విడదీసే ఈ లెక్కే కావాలి. కాలిఫోర్నియాలోని శాన్ నికోలస్ దీవి దగ్గర 1960ల కొలతలతో పోలిస్తే 2003–04 నాటికి 30–50 హెర్ట్జ్ శ్రేణిలో చప్పుడు 10–12 డెసిబెళ్లు పెరిగింది. 100 హెర్ట్జ్ దాటాక ఆ తేడా బాగా తగ్గిపోయింది.